విని నేర్పిన పంతులుగారు

సవర పిల్లవాణ్ణి వాడి భాషలో ముప్పై మూడు చెప్పమంటే, "ఇరవై, పన్నెండు, ఒకటి" అంటాడు. మన పదమూడులో పది ఉంది, మూడు ఉంది. సవరల పదమూడులో పన్నెండు ఉంది, ఒకటి ఉంది. వాళ్ల లెక్క పన్నెండు దాకా నడిచి అక్కడ ఒక మలుపు తిరుగుతుంది, ఇరవై దగ్గర ఇంకో మజిలీ చేస్తుంది. ఈ సంగతి తెలియని పంతులు ఆ పిల్లవాడి చేతికి తెలుగు ఎక్కాల పుస్తకం ఇస్తాడు. వాడు తడబడితే బుర్ర లేదని తేల్చేస్తాడు. తెలిసిన పంతులు తన లెక్క కాసేపు పక్కన పెట్టి వాడి లెక్క నేర్చుకుంటాడు.

ఆ రెండో రకం పంతులుగారి పుట్టినరోజునే మనం ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. గిడుగు వెంకట రామమూర్తి అనగానే మాట్లాడే తెలుగులోనే రాయాలన్న వ్యావహారిక భాషోద్యమం గుర్తొస్తుంది. సభలు, వాదాలు, పండితుల కోపాలు గుర్తొస్తాయి. ఆ ఉద్యమం గురించి చాలామంది రాశారు. దానికి ముందూ వెనకా నడిచిన ఆయన బడిపని గురించి రాసినవాళ్లు తక్కువ. నా మటుకు నాకు ఆ పనితనమే అసలు గిడుగు.

1863లో శ్రీకాకుళం ప్రాంతాన, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. పన్నెండేళ్లు నిండేసరికి తండ్రి పోయారు. విజయనగరంలో మహారాజావారి ఇంగ్లీషు బడిలో చదివి 1879లో మెట్రిక్ గట్టెక్కారు. అక్కడ గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. మరుసటి ఏడే, పదిహేడేళ్లు అటూ ఇటూగా ఉండగా, పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ఫస్టు ఫారం పిల్లలకు చరిత్ర చెప్పే ఉద్యోగంలో చేరారు. నెలకు ముప్పై రూపాయల జీతం. పర్లాకిమిడి అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. పాఠాలు చెప్పుకుంటూనే ప్రైవేటుగా ఎఫ్.ఎ., ఆపైన బి.ఎ. పూర్తి చేశారు. స్కూలు కాలేజీ అయింది, ఆయన కాలేజీ పిల్లలకూ పాఠం చెప్పారు. 1911లో ఉద్యోగం విరమించారు. ముప్పై ఏళ్ల కొలువు, అంతా ఒకే ఊళ్లో.

చరిత్ర పంతులుగా ఆయన చేసిన మొదటి పని శాసనాలు చదవడం నేర్చుకోవడం. దగ్గరలోని శ్రీముఖలింగం గుళ్లలో గాంగ రాజుల నాటి శాసనాలు ఉన్నాయి. వాటిని చదివే విద్యకు ఆయనకు గురువు లేడు. తెలిసిన అక్షరంతో తెలియని అక్షరాన్ని పోల్చుకుంటూ, రాయి ముందు కూర్చుని తనే నేర్చుకున్నారు. ఆ రాళ్ల దగ్గర అలవడిన పద్ధతి ఆయన్ను చివరిదాకా వదల్లేదు. కళ్లెదుట ఉన్నది ఉన్నట్టు చూడాలి, చెవిన పడ్డది పడ్డట్టు రాసుకోవాలి. సూత్రం సంగతి ఆ తర్వాత.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలుంటారు. వాళ్ల పిల్లలకు చదువు చెప్పాలని గిడుగు అనుకున్నారు. ప్రభుత్వ ఉద్యోగి ఎవరైనా అయితే కొండ మీద ఒక తెలుగు బడి పెట్టించి ఊరుకునేవాడు. ఈయన సవర నేర్చుకోవడంతో మొదలుపెట్టారు. నేర్చుకోవడానికి వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, అతను పలికిన మాటల్ని పలికినట్టే రాసుకుంటూ ఏళ్ల తరబడి కూర్చున్నారు. మన్యంలో తిరిగారు. మన్యం జ్వరం పట్టుకుంది. దానికి మింగిన క్వినైను వల్ల చెముడు వచ్చి జీవితాంతం ఉండిపోయింది. వినడమే పనిగా పెట్టుకున్న మనిషి ఆ పనికి కట్టిన సుంకం అది.

ఆ వినికిడి ఎంత కష్టమైందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. సవర తెలుగుకు చుట్టం కాదు, ఒడియాకూ కాదు. అది సంతాలీ, ముండారీలు పుట్టిన ముండా భాషల ఇంటిది. అందులో మాట మధ్యలో గొంతు ఒక్క క్షణం బిగుసుకుని ఆగే ధ్వని ఉంది. దానికి తెలుగు లిపిలో అక్షరం లేదు. అలవాటులేని చెవికి అది వినపడను కూడా వినపడదు. వినపడకపోతే రెండు వేరువేరు మాటలు ఒకటే అనిపిస్తాయి. వాక్యం కట్టుబడి మరీ వింత. నామవాచకం కురచ రూపంలోకి మారి క్రియలోకి దూరిపోతుంది. నీళ్లకు విడిగా వాడే మాట ఒకటి, క్రియలో ఇమిడినప్పుడు కనిపించే పొట్టి ముక్క ఒకటి. కర్త, కర్మ, క్రియ అని వరసగా నేర్చుకున్నవాడు ఈ భాషలో కర్మ కోసం వెతికితే అది క్రియ కడుపులో దొరుకుతుంది. సంస్కృత వ్యాకరణపు చట్రాన్ని దీని మీద బిగిస్తే భాష చట్రంలోంచి జారిపోతుంది. గిడుగు చట్రం బిగించలేదు. మాటలు పోగు చేశారు, వాక్యాలు పోగు చేశారు, పాటలు, కథలు పోగు చేశారు. ఆ పోగులోంచే వ్యాకరణం తీశారు.

తర్వాత బడి. సవరలో వాచకాలు తయారు చేశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు, అందులో పంతుళ్లకు తన జేబులోంచే జీతాలిచ్చారు. పని నడిచిన వరస చూడండి: ముందు భాష, తర్వాత పాఠం, ఆ తర్వాత బడి. ప్రభుత్వాలు ఈ వరసను తలకిందులు చేస్తాయి. ముందు భవనం కడతాయి, పిల్లలకు అర్థమయ్యే పుస్తకం ఎప్పటికో వస్తుంది. మద్రాసు ప్రభుత్వం ఆయన సవర పుస్తకాలు అచ్చువేసి పారితోషికం ఇవ్వబోతే గిడుగు పుచ్చుకోలేదు. ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టమన్నారు.

ఉద్యోగం మానినా ఆ పని మానలేదు. సవర వ్యాకరణం 1931లో వెలువడే నాటికి ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చే నాటికి డెబ్బై అయిదు. ఆ వ్యాకరణం అట్ట మీద భాష పేరు 'సోరా' అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. అచ్చు దీర్ఘమని తెలిపేందుకు ఒక్కో అచ్చు పక్కన రెండేసి చుక్కలు పెట్టారు. పేరు దగ్గర కూడా ఉచ్చారణను సుమారుగా వదిలేయని మనిషి లోపలి పుటల్లో ఎలా ఉంటాడో ఊహించుకోవచ్చు. సవర మీద పనిచేసేవాళ్లు ఈ రోజుకీ ఆ నిఘంటువు తెరవక తప్పదు.

ఈ పనితనం తెలిశాక ఆయన తెలుగు ఉద్యమం కొత్తగా కనిపిస్తుంది. ఉత్తర కోస్తా జిల్లాల స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొరకు ఒక అనుమానం పుట్టింది. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పిల్లల చేత రాయించే తెలుగు మరొకటి, ఎందుకిలా అని. దానికి జవాబు వెతికినవాళ్లలో గురజాడ ఉన్నారు, గిడుగు ఉన్నారు. సవర పిల్లవాడికి వాడి భాషలో పాఠం కావాలని చూసినవాడు తెలుగు పిల్లవాడికి పరాయి తెలుగులో పాఠం ఎందుకని అడగడంలో వింతేముంది? అడిగిన తీరులోనూ పాత పద్ధతే ఉంది. 'గద్యచింతామణి' కోసం పాత వచనం పోగు చేసి, వాడుక మాటలు వెనకటి రాతల్లోనే ఉన్నాయని చూపించారు. 'బాలకవి శరణ్యం'లో, పాత వ్యాకరణం ఒప్పే భాషలోనే రాయాలనే గ్రాంథికవాదుల రచనల్నే ముందు పెట్టుకుని, వాళ్లు కొలిచే వ్యాకరణాన్ని వాళ్లే ఎక్కడెక్కడ మీరారో ఏరి చూపించారు. తిట్టడం కంటే ఇది గట్టి దెబ్బ. 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టి ఆ పాఠమే బడి బయట ఉన్నవాళ్లకూ చెప్పారు.

ఆయన పనికీ ఒక హద్దు ఉంది. సవరకు ఆయన వాడినవి బయటి లిపులే. 1936లో మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు 'సొర సంపెంగ్' అనే సొంత లిపి కట్టాడు. ఎంత శ్రద్ధగా విన్నవాడైనా జాతి తన కోసం తాను చేసుకోవలసిన పని చేసిపెట్టలేడు. అదే ఏడు పర్లాకిమిడి కొత్త ఒరిస్సా రాష్ట్రంలోకి పోయింది. తెలుగు ఊరు అటు పోకూడదని పోరాడిన గిడుగు, యాభై ఏళ్లకు పైగా ఉన్న ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన పిల్లలకు మొదటి తరగతుల్లో సొంత భాషలోనే పాఠం చెప్పే కార్యక్రమం 2004లో మొదలైంది. ఎంచుకున్న ఎనిమిది భాషల్లో సవర ఒకటి. పర్లాకిమిడిలో ఒక పంతులుగారు సొంత జీతంతో చేసిన పని ప్రభుత్వం చేతికి రావడానికి దాదాపు వందేళ్లు పట్టింది. ఇది చదువుతున్న ఉపాధ్యాయులకు ఒక మాట. వచ్చే ఆగస్టు 29న ఫొటోకు దండ వేసే ముందు, మీ తరగతిలో ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలు ఎందరున్నారో కనుక్కోండి. వాళ్లలో ఒకణ్ణి లేపి, వాడి భాషలో ముప్పై మూడు చెప్పమని అడగండి.