స్కోరు: కొలమానమా, సరుకా?

వీడియో ఆటలో స్కోరు నేర్పునకు కొలమానము. అది అందరికిని ఒక్కటిగా నుండవలెను.

జపానులోని నామ్కో సంస్థ 1980లో వెలువరించిన ‘పాక్‌మాన్’ను చూడుడు. తోరు ఇవాతాని రూపొందించిన ఈ ఆటలో ఒక్కొక్క దశయందు 240 చిన్న చుక్కలు, 4 పెద్ద చుక్కలు గలవు. చిన్నదానికి 10, పెద్దదానికి 50 పాయింట్ల చొప్పున మొత్తము 2,600. కాని తొలి దశలలో ఒక పెద్ద చుక్కను మ్రింగి, దాని ప్రభావము తీరకముందే నాలుగు దయ్యములను వరుసగా పట్టినచో 200, 400, 800, 1,600 చొప్పున 3,000 వచ్చును. అనగా ఈ లెక్క ఓపికకన్న సాహసమునకే ఎక్కువ విలువ నిచ్చుచున్నది. ఆటగాడు వేసిన నాణెము ఆడు అవకాశమునే కొన్నది, పాయింట్లను కొనలేదు.

ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థవారి ‘స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2’లో ఈ హద్దు చెరిగినది. పోరులో బలము పెంచు కార్డులను పెట్టెలలో నుంచి, ఆ పెట్టెలను డబ్బుతో కొను ఏర్పాటు చేసిరి. ఏ పెట్టెలో ఏమున్నదో ముందు తెలియదు. ఆటగాండ్రు నిరసింపగా, 2017 నవంబరు 17న జరిగిన విడుదలకు ముందురోజున ఆ అమ్మకమును నిలిపివేసిరి.

లాభము కోరుట తప్పు కాదు. క్రొత్త దశలను అమ్ముకొనవచ్చును. కాని గెలుపులో నేర్పెంతయో, డబ్బెంతయో స్కోరు చెప్పలేనప్పుడు అది కొలమానము కాదు. తూకపురాళ్లను గూడ అమ్మకమునకు పెట్టిన అంగడిలో తూకమును నమ్ము వారెవరు?