బకెట్ పొయ్యి పనితనం

1920 నుంచి సింగరేణి కాలరీస్ పేరుతో నడుస్తున్న కంపెనీ బొగ్గు తవ్వితే, దాన్ని ఇంట్లో మండించే పొయ్యి చేసింది మాత్రం చేతిపనివాళ్లే. గోదావరిఖని లాంటి గనుల ఊళ్లలో పాత ఇనుప బకెట్టే దానికి ముడిసరుకు. అడుగున పక్కకు గాలికంత కోసి, నడుమ ఇనుప చువ్వలు అడ్డంగా దూర్చి, లోపల బంకమట్టి మెత్తుతారు. బొగ్గు పైనుంచి వేయాలి. బూడిద కిందికి రాలుతుంది.

నేర్పంతా చువ్వల ఎడంలోనే ఉంది. ఎడం ఎక్కువైతే నిప్పులు జారిపోతాయి, తక్కువైతే బూడిద పేరుకుని మంట చస్తుంది. కొలబద్ద లేకుండానే, వేళ్లతో చూసి సరిచేసే ఆ పనివాడికి దండం పెట్టాల్సిందే.

ఒక్క మాట: చలి ఎంతున్నా దీన్ని తలుపులు మూసిన గదిలో పెట్టకండి. పొగ ఆగినా కార్బన్ మోనాక్సైడ్ ఆగదు.