కాకిస్టోక్రసీ యను మాట

ఈ పేరు వినగానే కాకుల రాజ్యమని చదువరులు భ్రమపడుదురేమో! కాకులకు దీనితో నే సంబంధమును లేదు. గ్రీకుభాషలో 'కకోస్' అనగా చెడ్డది, 'కకిస్టోస్' అనగా అన్నిటికంటె చెడ్డది, 'క్రాటోస్' అనగా అధికారము. ఉత్తముల పాలన యను నర్థముగల 'అరిస్టోక్రసీ' కి ఎదురుగా అధమాధముల పాలనకు గట్టిన పేరిది. ఇందలి 'ఇస్టోస్' మనకు క్రొత్త కాదు. కనిష్ఠ, పాపిష్ఠ శబ్దములలోని సంస్కృత ప్రత్యయమునకు తోబుట్టువే. కావున 'పాపిష్ఠుల ప్రభుత్వము' అనిన అర్థము చక్కగా కుదురును.

దీనిని 'అరాజకము' అని తెనిగించుట పొరపాటు. అరాజకమున దండించువాడే లేడు. పెద్దచేప చిన్నచేపను మ్రింగును. కౌటిల్యుడు చెప్పిన మాత్స్యన్యాయమదియే. ఇచ్చట నట్లు గాదు. కచేరీ తెఱచియే యుండును, పన్నులు వసూలగుచునే యుండును, కాగితములపై ముద్రలు పడుచునే యుండును. మొఱపెట్టుకొనుటకు చోటును గలదు. మొఱ వినువాడే దొంగ. ఈ భేదమును చూపుటయే యీ పదమువలని ప్రయోజనము.

దీని పుట్టుక మఱింత విచిత్రము. 1644 ఆగస్టులో ఆక్స్‌ఫర్డునందు పాల్ గాస్నాల్డు చేసిన మతోపన్యాసమున నిది కనబడుచున్నది. అంతర్యుద్ధము జరుగుచున్న ఆ దినములలో ఆ పట్టణము మొదటి ఛార్లెసు రాజునకు నెలవు. రాజుపై తిరుగబడినవారే ఉపన్యాసకుని దృష్టిలో అధములు. 1829లో థామస్ లవ్ పీకాక్ తన 'ది మిస్‌ఫార్చ్యూన్స్ ఆఫ్ ఎల్ఫిన్' నవలలో దీనిని పల్లెలపై పెత్తనము చేయు భూస్వాములమీద ప్రయోగించెను. రాజపక్షమువారు చెక్కిన కఱ్ఱ దొరల వీపుననే పడినది! 1876లో, లంచగొండితనము ప్రబలియున్న వేళ, అమెరికా కవి జేమ్స్ రసెల్ లోవెల్ మన ప్రభుత్వము ప్రజలదా, లేక ఇట్టిదా యని యొక లేఖలో నడిగెను. దోచుకొనువారితోపాటు మోసపోవువారిని గూడ ఆయన వదలలేదు. గాస్నాల్డు పరులను నిందించెను. లోవెల్ తనవారిని ప్రశ్నించెను. నాకు మెచ్చదగినది యీ రెండవ వాడుకయే.

ఏలయన, అధములెవరో యీ పదము చెప్పదు. దానిని పలుకువాడే చెప్పుకొనును. మన దేశమున ఉత్తమాధమ నిర్ణయము చిరకాలము పుట్టుకచేతిలో నుండెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము కులము, ఆస్తి, చదువు, స్త్రీపురుష భేదము పాటింపక వయోజనులందఱికి ఓటు నొసగినది. అయినను, ఓటు చదువుకొన్నవారికే యుండవలెనను మాట నేటికిని మన యిండ్లలో భోజనానంతర ప్రసంగములందు వినబడుచునే యున్నది. అట్లనువారు ఈ పదమును నోట బట్టినచో, గాస్నాల్డునుండి పుచ్చుకొనిరేగాని లోవెల్‌నుండి గాదు.