జంతుశాల ఛాయాచిత్రము: స్వభావోక్తి విచారము

స్వభావోక్తి అలంకారమా, కాదా అన్న వివాదము సంస్కృతాలంకారికులలో చిరకాలము నడచినది. దండి దానికి జాతి యని నామాంతరము చెప్పి, అలంకారములన్నింటిలో మొట్టమొదట నిలిపినాడు. జాతి, క్రియ, గుణము, ద్రవ్యము అని దానిని నాలుగు విధములుగా విభజించి, జాతికి చిలుకలను, క్రియకు ప్రియురాలి చుట్టును కూయుచు తిరుగు పావురమును ఉదాహరణములుగా గ్రహించినాడు. భామహుడు ‘కొందఱు దీనిని అలంకారమందురు’ అని ఊరకున్నాడు. కుంతకుడు ఇంకను ముందుకు పోయి, వస్తుస్వభావము కావ్యమునకు శరీరము గదా, శరీరమే అలంకారమైనచో అది అలంకరింపవలసినది వేఱేమున్నది అని నిలదీసినాడు. దీనికి మహిమభట్టు చెప్పిన సమాధానము శ్రద్ధగా వినదగినది. ప్రతి వస్తువునకును రెండు రూపములు గలవు. ఒకటి సామాన్యరూపము, అది అందఱకును గోచరించును. రెండవది విశిష్టరూపము, అది ప్రతిభ గలవాని దృష్టికే చిక్కును. ఈ రెండవదానిని చూపినప్పుడే స్వభావోక్తి అలంకారమగునని ఆతని మతము.

ఈ చర్చ తాటాకులతోనే ముగిసిపోయినదని తలచుట సరికాదు. నేడు మృగపక్షుల రూపములను విస్తారముగా లిఖించుచున్నది కవి కాదు, కెమెరా. సెలవుదినమున జంతుశాలకు పోయిన కుటుంబములో తాతగారినుండి మనుమనివఱకు అందఱి చేతులలోను అది ఉన్నది. పులి, సింహము, జింక, నెమలి ఒక్కపూటలో వేలమార్లు చిత్రింపబడుచున్నవి. ఇంత విస్తారమైన రచనపై విమర్శ మాత్రము ‘బాగున్నది’ అన్న ఒక్క మాటను దాటలేదు. కుంతకుని ప్రశ్న ఇక్కడ మఱింత పదునెక్కును. పులి యెదుట నున్నది. యంత్రము దాని రూపును పట్టినది. నడుమ మనుష్యుడు చేసినదేమి? దీని వెనుకనే ఇంకొక ప్రశ్న నిలిచియున్నది. కంచెలోని పులికి చూపదగిన స్వభావము మిగిలియున్నదా?

ఈ విచారమునకు బళ్ళారి సీమకంటె తగిన చోటు దొరకుట కష్టము. హంపీ శిథిలములకు చేరువనున్న కమలాపురమున అటల్ బిహారీ వాజపేయి పేర జంతుశాస్త్రోద్యానము 2017లో ప్రారంభమైనది. బళ్ళారి పట్టణమున అంతకుముందుండిన చిన్న జంతుశాలలోని ప్రాణులు దానికి తరలింపబడినవి. అక్కడికి సమీపముననే 1994లో ఏర్పడిన దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యమున్నది. 2021లో విజయనగర జిల్లా వేఱుపడిన పిదప కమలాపురము అటు చేరినది. సండూరు ఇటు నిలిచినది. జిల్లాల గీతలు మాఱినను కొండలు, బండలు, ఎలుగులు ఒక్క సీమవే. తెలుగువాడు ఎలుగు అన్నను, కన్నడిగుడు కరడి అన్నను అది వచ్చి నాకునది ఒక్క బండనే.

జంతుశాలలో చిత్రము తీయువారు మొదట నేర్చు విద్య కంచెను మాయము చేయుట. దూరపు లెన్సును తీగలకు ఆనునంత దగ్గఱగా పెట్టి, దాని కంటిని పూర్తిగా తెఱచి, మృగము కంచెకు చాల వెనుకనున్న క్షణమున మీట నొక్కినచో, తీగలు పలుచని మంచువలె కరగిపోవును. అద్దముగోడ యైనచో లెన్సు చుట్టు రబ్బరు కప్పును అంటించి ప్రతిబింబమును తప్పింతురు. ఫ్లాషు వాడరు, వాడినచో మృగనేత్రములో వెనుకనున్న పొర వెలుగును త్రిప్పికొట్టి కన్నులు నిప్పుకణికలగును. అటుపిమ్మట సిమెంటు తొట్టి, ఇనుప తలుపు, పెంపకందారుని బకెట్టు చట్రమునకు బయట పడునట్లు అంచులు కత్తిరింతురు. మిగిలినది పచ్చనాకుల నడుమ పులి. చూచినవాడు ‘ఏ అడవిలోనిది?’ అని యడుగును. తీసినవాడు ఆ ప్రశ్ననే బహుమానముగా భావించును.

ఇందులో నేర్పు లేదనరాదు. మృగము కన్నులతో సమముగా మోకాళ్ళపై వంగి, గంటసేపు ఓపికతో నిరీక్షించి, అది తల యెత్తిన అరక్షణమును పట్టుట సామాన్యుని పని కాదు. పులి మీసము మొదటనున్న చుక్కల వరుస, మొసలి కంటిపై అడ్డముగా జరుగు పొర అడవిలో చూడశక్యము కానివి, ఇక్కడ దొరకును. దండి చెప్పిన జాతిస్వభావోక్తికి జంతుశాలను మించిన పాఠశాల లేదు. పిల్లవానికి చిఱుతకును పులికిని భేదము చూపవలెనన్న ఆ చిత్రమే చాలును. చిక్కు వచ్చునది క్రియాస్వభావోక్తి దగ్గఱ.

బంధింపబడిన మాంసాహారమృగములు కొన్ని కంచె వెంబడి ఒకే దారిని అదేపనిగా నడచును. ఈ కొననుండి ఆ కొనకు, ఆ కొనవద్ద ఒకే వైపునకు మెడ త్రిప్పి, మఱల ఈ కొనకు. కాలు పెట్టిన చోటనే కాలు పెట్టుటచేత నేలపై బాట పడును. జంతుశాస్త్రజ్ఞులు దీనిని ఇఱుకుచేతను, తోచుబడి లేకపోవుటచేతను కలిగిన వికారముగా గుర్తించి, ఆవరణలు విశాలము చేయుట, ఆహారమును దాచిపెట్టి వెదకించుట మొదలగు ఉపాయములు చేయుచున్నారు. ఇప్పుడు ఆ నడకలోనుండి ఒక్క క్షణమును తీసి చిత్రముగా కట్టినచో ఏమగును? ముందుకాలు ఎత్తి, భుజము పొంగి, తల వంచి వచ్చుచున్న పులి. దాని క్రింద ‘రాజఠీవి’ యని శీర్షిక. వికారము వైభవమైనది. ఇక్కడ అబద్ధమాడినది తీగలను మాయము చేసిన లెన్సు కాదు. ఒక్క చిత్రము పునరుక్తిని చూపజాలదు. దాని అసత్యమంతయు అక్కడనే. అదే స్థలమునుండి పది నిమిషముల యెడముతో పది చిత్రములు తీసి వరుసగా పెట్టినచో, పదింటిలోను అదే కాలు అదే రాతి ప్రక్కన పడును. ఆ వరుస అందముగా నుండకపోవచ్చును. కాని మహిమభట్టు కోరిన విశిష్టరూపము, ఆ పులికే చెందిన ఆ రూపము, ఆ వరుసలోనే యున్నది. ఇట్టి వరుసలు ప్రదర్శనలకు పంపబడుట మిక్కిలి అరుదు.

ఊచలు లేని ఆవరణలు వచ్చిన పిదప ఈ చిక్కు తీఱినదని కొందఱందురు. జర్మనీలో కార్ల్ హాగెన్‌బెక్ 1907లో హాంబర్గువద్ద కందకములతో తెఱచిన జంతుశాలను స్థాపించినాడు. హైదరాబాదులో 1963లో తెఱవబడిన నెహ్రూ జంతుశాలలోను ఆ పద్ధతియే కానవచ్చును. తీగలు పోయినవి, నిజమే. కాని కందకపు గట్టుమీదనుండి చూచువాడు పైన, మృగము క్రింద. పైనుండి తీసిన సింహము వీపే కాని ముఖము కాదు, నేలకు అదిమిపెట్టినట్లుండును. కంటికి కనబడని కందకము చిత్రములోని చూపుకోణములో అచ్చుపడియున్నది.

ఇక వనచిత్రకారులు జంతుశాల చిత్రమును చిన్నచూపు చూచుట కలదు. తమది నిజము, అది నటన అని వారి భావము. దరోజి ఈ గర్వమును కొంత తగ్గింపగలదు. అక్కడ అపరాహ్ణమున సిబ్బంది బండలపై బెల్లము, తేనె మొదలగు తీపివస్తువులు పూయుట వాడుకైనది. ప్రొద్దు వాలుసరికి ఎలుగులు గుహలనుండి దిగివచ్చి ఆ బండలను నాకును. ఎదుటి కరడికల్లు గుట్టపై కట్టిన గోపురమునుండి జనులు చూతురు, చిత్రములు తీయుదురు. యాత్రికునికి ఎలుగు కనబడవలెను. కనబడినగాని అడవిపై ప్రీతి కలుగదు. కావున ఈ యేర్పాటును నిందించుట తొందరపాటు. అయితే ఆ చిత్రమునకు ‘అడవిలో స్వేచ్ఛగా’ అని పేరు పెట్టినప్పుడు బెల్లము కూడ తీగలవలెనే మాయమైనది. ఎలుగు సహజాహారము చెదలు, చీమలు, కాయలు. పై దౌడను ముందుపండ్లలో నడిమివి రెండు దానికి లేవు. పొడవైన గోళ్ళతో పుట్టను చీల్చి, ఆ సందుగుండ చెదలను చప్పుడగునట్లు పీల్చుకొనును. ఆ క్రియ చీకటిపొదలలో జరుగునది గాన చిత్రమునకు సులభముగా చిక్కదు. బండను నాకుట చిక్కును. ఐనను అదే బండపై తల్లియెలుగు పిల్లలను వీపుననెక్కించుకొని వచ్చిన దృశ్యములో బెల్లము బోధింపలేని దొకటి యున్నది. తల్లి వంగి నాకుచుండగా పిల్లలు బొచ్చు పట్టుకొని భుజముమీదినుండి తొంగిచూచుట దాని జాతిస్వభావము. ముక్కున త్రాడు గ్రుచ్చి వీధులలో ఆడించిన ఎలుగును చూచిన తరము వారికి ఈ దృశ్యము విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ ఆటలు దేశమున 2009 నాటికి దాదాపుగా అంతమైనవి.

ఈ సందర్భమున ఎం. కృష్ణన్ పేరు తలపకుండుట అన్యాయము. తమిళరచయిత మాధవయ్య కుమారుడైన ఈయన 1942లో సండూరు సంస్థానమున కొలువులో చేరి, పాఠశాల మొదలుకొని ఆస్థానమువఱకు పలువిధములైన ఉద్యోగములు నిర్వహించినాడు. ఆ సంస్థానము 1949లో మద్రాసు రాష్ట్రమున విలీనమై బళ్ళారి జిల్లాలో కలిసినది. 1950 మొదలు 1996లో మరణించువఱకు ఆంగ్లపత్రికలో ప్రకృతిని గుఱించి ఎడతెగక వ్రాసినాడు. పద్మశ్రీ పొందినాడు. రంగుల వ్యామోహము లేక నలుపు తెలుపులలోనే తీసినాడు. పనిముట్లు తన అవసరమునకు తగినట్లు తానే కూర్చుకొన్నాడు. ఆయన చిత్రములలో ఏనుగు ఒక్కటే ఉండదు. అది నిలిచిన గడ్డి, దాని వెనుక చెట్టు, నడుమనున్న దూరము కూడ ఉండును. మృగముఖమును పత్రమంతయు నింపు నేటి అలవాటునకు ఇది పూర్తిగా విరుద్ధము. తీసినవాడు ఎంత దూరమున నిలిచినాడో ఆ చిత్రము చెప్పుచున్నది. దూరమును దాచని చిత్రము నమ్మదగిన చిత్రము.

కమలాపురమునుండి ఎంతో దూరము పోనక్కఱలేకయే, ఈ సీమ శిల్పులు ఇదే సమస్యను ఎట్లు పరిష్కరించిరో చూడవచ్చును. మహర్నవమి దిబ్బ పట్టికలలో ఏనుగులు, గుఱ్ఱములు, ఒంటెలు, వేటలో పరుగెత్తు లేళ్ళు వరుసలు తీరియున్నవి. హజారరామాలయపు ప్రాకారముపై క్రింద ఏనుగుల వరుస, దానిపై గుఱ్ఱముల వరుస సాగిపోవును. ఆ ఏనుగులపై మావటులున్నారు. గుఱ్ఱముల ప్రక్క వానిని నడిపించు మనుష్యులున్నారు. శిల్పి ఉలికి మనుష్యుని విడిచిపెట్టుట అసాధ్యము కాదు. అతనికి అక్కఱ లేకపోయినది. పట్టబడిన మృగమును పట్టినవానితో కూడ చెక్కుట అతనికి సహజముగా తోచినది. అమెరికాలో గారీ వినోగ్రాండ్ 1969లో ప్రకటించిన జంతుశాల చిత్రముల సంపుటమున ఇట్టి దృష్టియే కానవచ్చును. న్యూయార్కు జంతుశాలలలో తీసిన ఆ చిత్రములలో చూచువారు, చూడబడువారు ఒకే చట్రములో నుందురు. ఒకదానిలో చాచిన మనుష్యహస్తము, దానివైపు సాగిన ఏనుగు తొండము, అంతే. ఊచలు మాయము చేయు నేర్పు అతనికి లేక కాదు.

తెలుగు పాఠకునకు ఇంకను దగ్గఱి ఉదాహరణము ఆముక్తమాల్యదలో నున్నది. విలుబుత్తూరి కాలువలలో బాతులు తలలను రెక్కలలో దూర్చి నిద్రించుచుండగా, తలవరులు వానిని స్నానమునకు వచ్చిన బ్రాహ్మణులు పిండి మఱచిపోయిన బట్టలని భ్రమించి, తెచ్చి యిచ్చుటకు నీటిలో దిగుదురు. బాతులు లేచి పరుగిడును. వరిచేలు కాయు పడుచులు నవ్వుదురు. సాధారణముగా దీనిని స్వభావోక్తికిని, భ్రాంతికిని ఉదాహరణముగా ఎత్తి చూపి విడుతురు. కాని రాయలు బాతును మాత్రము చూపలేదు; బాతును చూచుటలోని పొరపాటును, ఆ పొరపాటును చూచి నవ్వినవారిని కూడ ఒక్క పద్యమున ఇమిడ్చినాడు. బాతు నిద్ర ఎంత సహజమో తలవరుల భ్రమచేతనే తెలియుచున్నది. జంతుశాల చిత్రకారునికి ఇంతకంటె గొప్ప పాఠమును కెమెరా సంస్థల పుస్తకములు చెప్పలేదు.

తీగలున్నవి గనుక చిత్రము చెడినదనువారు క్వాగా మాట వినవలెను. దక్షిణాఫ్రికాకు చెందిన ఆ చారలగుఱ్ఱపు జాతిలో చివరిది 1883లో ఆమ్‌స్టర్‌డామ్ జంతుశాలలో మరణించినది. ప్రాణముతో నుండగా ఛాయాచిత్రమునకెక్కిన క్వాగా లోకమున ఒక్కటే. లండను జంతుశాలలోని ఆడుది. ఆ చిత్రములలో వెనుక గోడ యున్నది, ఆవరణ యున్నది. టాస్మేనియా తోడేలు 1936లో హోబర్టు జంతుశాలలో అంతరించినది. 1933లో తీసిన చలనచిత్రమున అది కంచెలో అటునిటు నడచుచున్నది. ఆ కంచెను ఎవరును తుడిచివేయలేదు గాన ఆ ప్రాణి ఎక్కడ, ఎట్లు తుది దినములు గడపినదో నేడు తెలియుచున్నది.

బళ్ళారి పట్టణపు పాత జంతుశాల ఇప్పుడు లేదు. దానిని చూచినవారి యిండ్లలో, పెండ్లిచిత్రముల నడుమ, కంచెముందు నిలబెట్టి తీసిన పిల్లల చిత్రములు మిగిలియుండవచ్చును. అట్టి చిత్రములలో మృగము సగమే కనబడును. కంచెతీగ పిల్లవాని ముఖమంత స్పష్టముగా నుండును. ఇంటింట నుండిన ఆనాటి చౌక కెమెరాల లెన్సునకు దగ్గఱిదానిని, దూరపుదానిని ఒకే తీరున చూపుటయే తెలియును. తీగను మాయము చేయు శక్తి దానికి లేదు.