ఉందన్నారు, లేదన్నారు, మళ్లీ ఉందంటున్నారు

పోయిన ఆదివారం బోధన్‌లో ఒక సభకు వెళ్లాను. వేదిక మీద ఒక పెద్దమనిషి సైన్సును ఎత్తిపొడుస్తూ బర్నార్డ్ నక్షత్రం కథ చెప్పారు. "గ్రహం ఉందన్నారు, లేదన్నారు, మళ్లీ ఉందంటున్నారు. వీళ్ల మాట పట్టుకొని మనం నడవాల్నా?" హాలంతా చప్పట్లు. నాకు ఒళ్లు మండింది. రుద్రూర్ బస్సెక్కాక కూడా ఆ మంట చల్లారలేదు.

బర్నార్డ్ మనకు 6 కాంతి సంవత్సరాల దూరంలో, సూర్యుడిలో ఆరోవంతు బరువున్న ఎర్రటి, చల్లటి నక్షత్రం. అంత దగ్గరున్నా కంటికి ఆనదు. మన ఇరుగుపొరుగు నక్షత్రాల్లో నాలుగింట మూడు ఈ జాతివే, ఒక్కటీ ఉత్త కంటికి కనిపించదు. గ్రహం చుట్టూ తిరుగుతుంటే నక్షత్రం కూడా ఇసుమంత అటూ ఇటూ కదులుతుంది. మన వైపు వస్తే దాని కాంతిలోని సన్నటి నల్లగీతలు నీలం వైపు, దూరం పోతే ఎరుపు వైపు జరుగుతాయి. డాప్లర్ 1842లో చెప్పిన సూత్రమే ఇది. 1995లో మేయర్, కెలో ఈ దారినే 51 పెగాసి గ్రహాన్ని పట్టారు, 2019లో నోబెల్ అందుకున్నారు. భూమి మన సూర్యుణ్ని కదిలించేది సెకనుకు 9 సెంటీమీటర్లే. నక్షత్రం తేలికదైతే ఎక్కువ కదులుతుంది. నీళ్లు నిలిచేంత వెచ్చదనం ఉండే చోటు దానికి దగ్గరగా ఉంటుంది కనుక అక్కడి గ్రహం కొద్ది వారాల్లోనే చుట్టు పూర్తిచేస్తుంది. పరిశోధకులు ఎర్ర నక్షత్రాల వెంట పడింది అందుకే.

ఇంత చిన్న కదలికను కొలవాలంటే ముందు పరికరం సంగతి తెలియాలి. ఆ పాఠం నాకు నేర్పింది మా మేనమామ. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో చెరకు ఫీల్డ్‌మన్. కటింగ్‌కు ముందు తోటల్లో తిరిగేటప్పుడు నన్నూ వెంట తీసుకుపోయేవాడు. జేబులో రసం తీపి కొలిచే రిఫ్రాక్టోమీటర్, జానెడు గొట్టం. ముందు నీళ్ల చుక్క ఒకటి దాని అద్దం మీద వేసి, మూత వాల్చి, వెలుతురు వైపు పెట్టి చూసేవాడు. నీలం, తెలుపు కలిసే గీత సున్నా మీద లేకపోతే మర తిప్పి సరిచేసేవాడు. ఆ తర్వాతే గడ అడుగు గణుపు రసం, పై గణుపు రసం. రెండు బ్రిక్స్ అంకెలూ దగ్గరికొస్తే చెరకు పండినట్టు. ఆ గొట్టం 20 డిగ్రీల లెక్కకు చేసింది. మిట్టమధ్యాహ్నం ఎండలో రసం అంకె తక్కువ చూపిస్తుంది. అందుకని అంకె పక్కన వేడి కూడా రాసుకునేవాడు. "ముందుగాల గొట్టం సంగతి తెల్సుకోవాలెరా, రసం సంగతి తర్వాత" అనేవాడు. తోటంతా చూసేదాకా రైతు ఎంత బతిమాలినా అంకె చెప్పేవాడు కాదు. కొలత తేలనిదే నోరు విప్పొద్దని నేను ఇన్నాళ్లూ పాడుతున్న పాట అక్కడ నేర్చిందే.

సువ్రత్ మహదేవన్ బృందం టెక్సాస్‌లోని 10 మీటర్ల హాబీ-ఎబర్లీ టెలిస్కోపుకు అమర్చిన, నక్షత్ర కాంతిలో గీతల జరుగుడు కొలిచే హెచ్‌పీఎఫ్ పరికరానిదీ మామ పద్ధతే. ఎర్ర నక్షత్రాల వెలుగు ఎక్కువగా పరారుణంలో ఉంటుంది. పరికరం వెచ్చగా ఉంటే తానే పరారుణం వెదజల్లుతుంది. కనుక దాన్ని శూన్యంలో, సున్నాకు 93 డిగ్రీల దిగువన, డిగ్రీలో వెయ్యోవంతు తేడా కూడా రాకుండా కాపాడతారు. లేజర్ గీతలతో సున్నా సరిచూసుకుంటారు.

ఇక బర్నార్డ్ కథ. 1963లో పీటర్ వాన్ డి కాంప్ ఫొటో ప్లేట్లు కొలిచి, అక్కడ గురుగ్రహం లాంటిది ఉందన్నారు. అది ఆయన టెలిస్కోపులో వచ్చిన మార్పుల వల్ల కలిగిన భ్రమ అని పదేళ్లకు తేలింది. 2018లో ఇగ్నాసి రిబాస్ బృందం ఇరవై ఏళ్ల డాప్లర్ కొలతలు 771 పోగేసి, 233 రోజులకో చుట్టు తిరిగే గ్రహం ఉన్నట్టుందన్నది. 2021లో జాక్ లూబిన్, మహదేవన్ తదితరులు అది గ్రహం కాదన్నారు. నక్షత్రం తన చుట్టూ తాను తిరగడానికి 145 రోజులు పడుతుంది. దాని మీది మచ్చల లయకు మన ఏడాది లయ కలిసి 233 రోజుల అంకె పుట్టింది. 2024లో చిలీలోని ఎస్ప్రెసో పరికరం 3.15 రోజుల గ్రహాన్ని పట్టింది. నక్షత్రం కదలిక సెకనుకు అర మీటరు. 2025లో రిత్విక్ బసంత్ బృందం లెక్కను నాలుగు గ్రహాలకు చేర్చింది. నాలుగూ భూమి కన్నా బాగా చిన్నవి, వారం లోపే చుట్టివచ్చేవి.

మచ్చా, గ్రహమా అని తేల్చే సాక్షుల్లో కాల్షియం గీతలు ముఖ్యమైనవి. వాటికి మన హైదరాబాద్‌తో చుట్టరికం ఉంది. నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసిన తండ్రి చాటున ఆకాశం చూడటం నేర్చి, నిజాం కాలేజీలో చదివిన వేణు బప్పు, 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి కాల్షియం కె గీత వెడల్పును బట్టి నక్షత్రం అసలు ప్రకాశం చెప్పొచ్చని చూపారు. ఈనాటి పరిశోధకులు ఆ గీతల వెలుగు హెచ్చుతగ్గులు చూస్తారు. వాటి లయా, దొరికిందనుకున్న గ్రహం లయా ఒకటైతే అనుమానపడతారు.

మామ పద్ధతిలోనైతే రిబాస్ 2018లో నోరు విప్పకూడదు. కానీ విప్పి మంచిపని చేశారు. అభ్యర్థి గ్రహం అనే చెప్పారు, ప్రతి కొలతనూ బయట పెట్టారు. 2021లో లూబిన్ వాళ్లు పొరపాటు పట్టుకోవడానికి ఆ కొలతలే అక్కరకొచ్చాయి. తోటలో గొట్టం ఒక్కడి చేతిలోనే ఉంటుంది, అంకె మీద రైతు డబ్బు ఆధారపడుతుంది, అక్కడ నోరు కట్టుకోవడమే న్యాయం. నక్షత్రాన్ని పదిమంది పది పరికరాలతో చూస్తారు. అక్కడ కొలత దాచుకుంటే తప్పు తప్పుగానే మిగిలిపోతుంది. సభలో ఆ పెద్దమనిషి ఎగతాళి చేసిన "లేదన్నారు" అనే మాటే ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైనది.

రుద్రూర్, వర్ని, బోధన్ బడుల్లో సైన్స్ చెప్పే టీచర్లకు ఒక మనవి. 2018 నాటి గ్రాఫునూ 2021 నాటి గ్రాఫునూ నల్లబల్ల మీద పక్కపక్కన గీయండి. గ్రహం ఏ కారణంతో చెరిగిపోయిందో పిల్లలనే చెప్పమనండి.