ఎండను లెక్కగట్టని తూటా

వేట రైఫిల్ తూటాను సొంతంగా నింపుకునే దేశాల్లో, మందు ఎంచుకునేటప్పుడు చాలామంది ముందుగా అడిగేది ఏ మందు వేస్తే గుండు ఎక్కువ వేగంగా పోతుందని. సిద్దిపేట లాంటి చోట, మేలో ఎండ 43 డిగ్రీలు దాటే నేల మీద, అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఎండకు ఆ మందు ఎంత మారుతుంది? మందు వేడెక్కితే త్వరగా మండుతుంది, త్వరగా మండితే గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది. జనవరి ఉదయం భద్రంగా ఉన్న మోతాదు మే మధ్యాహ్నం హద్దు దాటొచ్చు. అందుకే మంచి తూటా కొలత వేగం కాదు, కాలం మారినా నిలకడగా ఉండటమే.

బ్రిటిష్ తూటా కంపెనీలకు ఈ సంగతి మన ఎండే నేర్పింది. 1889లో పేటెంటు పొందిన కార్డైట్ అనే మందులో 58 శాతం నైట్రోగ్లిసరిన్, 37 శాతం గన్‌కాటన్, మిగతాది వాసెలిన్. ఇంగ్లండ్ చలికి కుదిర్చిన మోతాదు ఇక్కడ ఒత్తిడి పెంచేది, పేలిన తూటా కేసు ఛాంబర్‌లో పట్టేసి బయటికి రాక మొరాయించేది. పులి ఎదురుగా ఉన్నప్పుడు అంతకు మించిన ఆపద ఉండదు. చివరికి వేడి దేశాల కోసం మందు తగ్గించిన తూటాలను వేరుగా చేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఆస్ట్రేలియాలోని ముల్వాలాలో తయారయ్యే రైఫిల్ మందులకు పేరు వచ్చిందీ వేగం వల్ల కాదు, ఎండకూ చలికీ పెద్దగా మారకపోవడం వల్లే.

వేగం ఎక్కువైతే గుండు తిన్నగా పోతుంది కదా, అది వదులుకోవడం దేనికని అడుగుతారు. దూరాన్ని బట్టి చెప్పాలి. మొక్కజొన్న చేలో దిగిన అడవిపందిని కాల్చేది మహా అయితే 100 మీటర్ల లోపే. సెకనుకు 820 మీటర్ల వేగంతో పోయే గుండుకు ఇంకో 30 మీటర్ల వేగం కలిపినా, ఆ దూరంలో గుండు కిందికి దిగడంలో తేడా సెంటీమీటరు కూడా ఉండదు. అంత స్వల్ప లాభం కోసం ఒత్తిడిని హద్దు దాకా తోయడం అవివేకం. తెలిసినవాళ్లు తయారీదారు పట్టికలోని కనిష్ఠ మోతాదుతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతారు. బోల్ట్ బరువుగా లేచినా, ప్రైమర్ చదునైనా ఒత్తిడి మించిందని గ్రహించి అక్కడే ఆగి వెనక్కి వస్తారు. గుళ్లన్నీ ఒకేచోట పడుతుంటే అంతకంటే తక్కువ మోతాదులోనే నిలిచిపోతారు.

ఫ్యాక్టరీ తూటాలు ఉండగా ఇదంతా మనకెందుకన్నది ఇంకో అభ్యంతరం. అందులో నిజముంది. మనదేశంలో ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద సరదా వేటకు తావు లేదు, పంట పాడుచేసే పందిని కాల్చడానికి కూడా అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. అయితే తూటా నింపడం చట్టం ఒప్పని పనైనా, నింపే తర్కం తెలిసి ఉండటం తప్పు కాదు. లైసెన్సున్న షూటర్ కొన్న డబ్బాను జీపు డ్యాష్‌బోర్డు మీద ఎండలో పడేస్తే, ఫ్యాక్టరీ కుదిర్చిన కొలత మారిపోతుంది. చలికాలంలో సరిచూసుకున్న గురి వేసవిలో తప్పొచ్చు. తప్పిన గుండుకు పంది గాయంతో పొదల్లో దూరితే, దాని బాధ ఒకవైపు, మర్నాడు చేలోకి వెళ్లే కూలీకి ప్రమాదం మరోవైపు.

కాబట్టి అనుమతి చేతికొచ్చిన షూటర్లు రెండు పనులు చేయాలి. తూటాలను నీడలో ఉంచాలి, ఏ కాలంలో కాల్చబోతున్నారో ఆ కాలంలోనే గురి సరిచూసుకోవాలి. ఈ రెండూ చేయలేనివాళ్లు చేలోకి రైఫిల్ తేకపోవడమే రైతుకు మేలు.