సిమెంటు ధర వెనక వకాలత్

పాత కరీంనగర్ జిల్లా బసంత్‌నగర్‌లోని కేశోరాం సిమెంటు 2025లో అల్ట్రాటెక్‌లో కలిసింది. అదే ఏడాది పాత ఆదిలాబాద్ జిల్లా దేవాపూర్ ప్లాంటున్న ఓరియంట్ సిమెంటు అంబుజా చేతికి వెళ్లింది. రెండింటికీ ముందుగా ఢిల్లీలోని కాంపిటిషన్ కమిషన్ అనుమతి కావాల్సి వచ్చింది. ఇలాంటి విలీనాలు, సిండికేట్ కేసులు వాదించే విద్యకు 2002 నాటి పోటీ చట్టం ఆధారం. మన దగ్గరి యువ న్యాయవాదులు ఈ దారిలోకి ధైర్యంగా రావాలి, ఎందుకంటే కేసుల్లో నలిగే సరుకులు వాళ్లు పుట్టి పెరిగిన ఊళ్లవే.

మొదట నేర్వాల్సింది మార్కెట్ హద్దు గీయడం. సిమెంటు బస్తాకు బరువెక్కువ, ధర తక్కువ. దూరం పెరిగితే లారీ కిరాయే లాభాన్ని తినేస్తుంది. కాబట్టి బసంత్‌నగర్ బస్తా ఏ ఊళ్ల దాకా గిట్టుబాటవుతుంది, అక్కడ పోటీకి ఎవరున్నారు అన్నది తేల్చాలి. హద్దు కాస్త జరిగితే కంపెనీ వాటా మారిపోతుంది, కేసు కూడా మారిపోతుంది.

రెండోది రుజువు. సిండికేట్ అయినవాళ్లు కాగితం రాసుకోరు. బిల్డర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఫిర్యాదు మీద 2012 జూన్‌లో కమిషన్ సిమెంటు కంపెనీలకు దాదాపు 6,300 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ధరలు ఒకే తీరుగా కదలడం, సామర్థ్యం ఉండీ ఉత్పత్తి తగ్గించడం, తయారీదారుల సంఘం సమావేశాలు, ఆ సంఘం ద్వారా ధరల సమాచారం సేకరించడం: వీటిని పక్కపక్కన పేర్చి కుమ్మక్కును తేల్చింది.

మూడోది విచారణ పద్ధతి.

తుది వాదనలు విననివారు 2012 నాటి ఆ జరిమానా ఉత్తర్వు మీద సంతకం చేశారని అప్పీలేట్ ట్రిబ్యునల్ 2015 డిసెంబర్‌లో దాన్ని కొట్టేసింది. కమిషన్ మళ్లీ విని 2016లో జరిమానా వేసింది, 2018లో జాతీయ కంపెనీ లా అప్పీలేట్ ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌ఏటీ) దాన్ని సమర్థించింది, కంపెనీలు సుప్రీంకోర్టుకెక్కాయి. ఒక్క సంతకం వల్ల ఏళ్లు గడిచిపోయాయి. జూనియర్లు ఫైలు మొదటి పేజీ నుంచీ చదవాలని సీనియర్లు పట్టుబట్టేది ఇందుకే.

పోటీ కేసులతో పాటు, ఇల్లు గడవడానికి వాణిజ్య దావాలున్నాయి. 2015 నాటి వాణిజ్య కోర్టుల చట్టం కింద దావాకు ఉండాల్సిన కనీస విలువను 2018లో కోటి రూపాయల నుంచి 3 లక్షలకు దించారు. గ్రానైట్ బకాయి, జిన్నింగ్ మిల్లు ఒప్పందం వంటివీ ఇప్పుడు అందులోకి వస్తాయి. అత్యవసర ఉత్తర్వు అవసరం లేనిచోట ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి, లేకుంటే దావా తిరస్కరణకు గురవుతుందని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సమన్లు అందాక 120 రోజులు దాటితే ప్రతివాది జవాబు దాఖలు చేసే హక్కే కోల్పోతాడు.

మళ్లీ పోటీ చట్టానికి వస్తే, ప్రభుత్వ బొగ్గు సంస్థలూ దానికి లోబడేవేనని 2023 జూన్‌లో కోల్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గనుల నడుమ పెరిగిన న్యాయవాదికి ఆ తీర్పు చదవగానే బొగ్గు కొనే కర్మాగారాల కష్టం కళ్లకు కడుతుంది. నష్టపోయినవాళ్లే కాదు, ఎవరైనా కమిషన్‌కు సమాచారం ఇవ్వొచ్చని 2020లో అదే కోర్టు తేల్చింది. మంచిర్యాలలో ఇల్లు కట్టుకునే మనిషికీ ఆ తలుపు తెరిచే ఉంది. బిల్లులు, తేదీలు, ధరల పట్టికలు పోగుచేసి ఆయన మాటను కేసుగా నిలబెట్టే వకీలు జిల్లా బార్‌లోనే దొరకాలి.